రెండు టీ అంగళ్ళ ఊళ్ళో సోషల్ సారు

నేను సోషియాలజీలో ఎం.ఏ. చేశానని తెలిసినప్పుడల్లా ప్రొద్దుటూరులో మా బట్టలంగడికి వచ్చేవాళ్ళు ఒకటే అడిగేవారు: "దాంతో ఏమొస్తాదప్పా?" మా నాయన చీర మడత పెడుతూ "ఓపిక వస్తాది" అనేవాడు. తర్వాత బి.ఇడి. చేసి, డీఎస్సీ రాసి, సోషల్ టీచరుగా ఉద్యోగం తెచ్చుకున్నాక ఆ ప్రశ్న ఆగింది. సోషియాలజీ మాత్రం నా లోపల అట్లాగే ఉండిపోయింది, పెండ్లికి కుట్టించి మళ్ళీ తొడగని సూటులాగా.

పోస్టింగు వచ్చిన ఊరు జమ్మలమడుగు నుంచి పులివెందులకు పోయే దారిలో, ఒక మలుపు తిరిగి లోపలికి ఉంటుంది. ఊరి పేరు రాయను. అక్కడి హైస్కూల్లో నాకు ఇంకా పని ఉంది.

మొదటిరోజు బస్సు దిగేసరికి నోరెండిపోయింది. ఎదురుగా కనబడిన అంగట్లో టీ తాగాను. బాగుంది. బళ్ళో హెడ్మాస్టరుగారు నా కాగితాల కంటే ముందు నా మూతి చూశాడు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. ఏ మాటనైనా నాలుక కింద కాసేపు నానబెట్టి గానీ బయటికి వదలడు.

"యాడ తాగినావు నాయనా, టీ?"

"బస్టాపు ఎదురుగా సార్."

"రేకుల షెడ్డా, మిద్దె కిందనా?"

"రేకుల షెడ్డు."

ఆయన కండ్లు మూసుకున్నాడు. "అయిపాయ. పడమటోళ్ళ మనిషివైతివి."

ఊళ్ళో రెండు వర్గాలు. ఉండే వీధులను బట్టి తూర్పోళ్ళు, పడమటోళ్ళు అంటారు. ఎవరి టీ అంగడి వాళ్ళది. ఒకరి అంగట్లో ఇంకొకరు కాలు పెట్టరు. కోస్తావైపు స్నేహితులకు చెబితే ఇప్పటికీ నన్ను బాంబుల గురించే అడుగుతారు. బాంబులు ఎప్పుడో పోయాయి, టీ అంగళ్ళు మిగిలాయి. రెండింటికీ పాలు పోసేది మాత్రం ఒకే మనిషి.

మరుసటిరోజు తప్పు దిద్దుకుందామని మిద్దె కింద తాగాను. సమానత్వం అనుకున్నాను. మధ్యాహ్నానికల్లా హెడ్మాస్టరు పిలిచాడు. "ఒక పక్కనే తాగింటే ఒకరికే కోపం. రెండు పక్కలా తాగితివి, ఇద్దరికీ అనుమానం." అప్పుడు అర్థమైంది, స్టాఫు రూములో బీరువా మీద ఫ్లాస్కులు ఎందుకు వరసగా ఉన్నాయో. జమ్మలమడుగులో నేనూ ఒకటి కొనుక్కున్నాను. ప్రభుత్వోద్యోగి తటస్థంగా ఉండాలంటారు. మా బళ్ళో తటస్థత అర లీటరు పడుతుంది.

ఇదంతా తెలిసీ తొమ్మిదో తరగతిలో నేను ఆ పాఠం ఎత్తుకున్నాను. పుస్తకంలో సముదాయాల గురించి నాలుగు వాక్యాలున్నాయి. నాలుగు వాక్యాలు చాలని మనిషైతే సోషియాలజీ ఎందుకు చదువుతాడు? బోర్డు మీద ఒక పక్క 'మన గుంపు', ఇంకో పక్క 'పరాయి గుంపు' అని రాశాను. "మనం అని అన్న ప్రతిసారీ ఎవరో ఒకరు గడప బయట నిలబడిపోతారు" అన్నాను. ఆ వాక్యం నాకు బాగా నచ్చింది. పిల్లలు దాన్ని అట్లాగే రాసుకున్నారు, ఫుల్‌స్టాపుతో సహా. క్రికెట్ టీముల ఉదాహరణ చెప్పాను. ఊరికే ఉండక, "ఇప్పుడు మన ఊరి నుంచి ఒక ఉదాహరణ చెప్పండి" అన్నాను.

తలలన్నీ ఒక్కసారే వంగాయి, బెంచీల కింద అందరి పెన్ను మూతలూ పడిపోయినట్టు. ఆ తరగతిలో రెండు వీధుల పిల్లలూ ఉన్నారు. సమాధానం రాని నిశ్శబ్దం వేరు. అందరికీ వచ్చిన సమాధానాన్ని ఎవరూ ముట్టుకోని నిశ్శబ్దం వేరు. అనుభవమున్న టీచరైతే అక్కడే గంట కొట్టించేవాడు. నేను చాక్‌పీసు తిప్పుకుంటూ నిలబడ్డాను.

రెండో బెంచీలో ఒక పిల్ల లేచింది. అర మార్కు తగ్గితే స్టాఫు రూము దాకా వచ్చి, కిటికీ ఊచలు పట్టుకొని వాదించే పిల్ల.

"టీ అంగళ్ళు సార్."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నేను ఉబ్బిపోయాను. "శభాష్. ఆ గుంపు ఎంత దూరం పనిచేస్తుంది? దానికి హద్దు ఎక్కడ?"

"పొలిమేర దాకానే సార్. బస్సెక్కితే ల్యాదు."

"అంటే?"

"మా నాయన తూర్పు, మా మామ పడమర సార్. ఊర్లో ఎదురుపడితే మొగాలు తిప్పుకుంటారు. ప్రొద్దుటూరు పోతే ఒకే బల్లకాడ కూర్చోని కారం దోసె తింటారు. మొన్న నన్నూ పిల్చుకోని పోయినారు. మా మామ రెండు తిన్యాడు."

తరగతి ఘొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. అంతలో కరెంటు పోయినట్టు నవ్వు ఒక్కసారే ఆగిపోయింది. ఆ పిల్ల ఇంకా నిలబడే ఉంది. ఒకసారి తూర్పువీధి పిల్లలను, ఒకసారి పడమటి వీధి పిల్లలను చూసి చేత్తో నోరు మూసుకుంది. బయటికొచ్చిన మాటను లోపలికి తొయ్యడానికి అంత చిన్న చెయ్యి చాలదు.

సంగతి నాకు హెడ్మాస్టరు చెప్పాడు. ఆ పిల్ల మామ ఒకప్పుడు తూర్పు వర్గంలోనే ఉండి పడమటోళ్ళలో కలిసిపోయాడు. అప్పుడు పిల్ల నాయన తన వర్గం అందరి ముందరా మాట ఇచ్చాడట, ఇంక బామ్మర్దితో మాటా పలుకూ ఉండదని. పిల్ల తల్లి కూడా అప్పటినుంచి పుట్టింటి గడప తొక్కలేదు. పుట్టిల్లు రెండు సందుల అవతలే.

"ఎంతమంది విన్యారు?" అన్నాడు హెడ్మాస్టరు.

"క్లాసు మొత్తం సార్."

"అయితే ఊరు మొత్తం."

"ఎవరికీ చెప్పొద్దని పిల్లలకు చెబితే?"

హిందీ మేడం ఫ్లాస్కు మూత బిగిస్తూ నన్ను జాలిగా చూసింది. "ఇంతసేపూ అది ఉట్టి దోసె. మీరు చెప్పొద్దంటే పెద్ద సంగతైపోతాది సార్."

చివరి గంట కొట్టాక కూడా ఆ పిల్ల ఇంటికి పోలేదు. కొళాయి దగ్గర సీసా నింపుతూనే ఉంది. సీసా నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయి.

"ఏం మే, ఊరికంతా పోస్తావా నీళ్ళు?" అన్నాను. ఉద్రిక్తంగా ఉన్నప్పుడు నాకు జోకులు వస్తాయి. అది జబ్బని మా అమ్మ అభిప్రాయం.

ఆ పిల్ల నవ్వలేదు. "మా నాయన్ను ఏమన్నా అంటారా సార్?"

"దోసె తిన్నందుకు ఎవరు ఏమంటారు మే?"

"నన్ను బడి మాన్పిస్తారు సార్." కొళాయి కట్టేసింది. "మా అక్కను ఎనిమిదిలో మాన్పించినారు. సైకిలు మింద పోతాంటే ఎవురో చూసినారని. సైకిలు కాదు సార్, ఏదో ఒక సాకు కావల్ల. ఈరోజు నేనే ఇచ్చినా."

బస్సు వచ్చింది. ఎక్కాను. ఎక్కకుండా ఉండి చేయగలిగిందీ ఏమీ లేదు. ఎక్కి కూర్చున్నాకా ఏమీ లేదు. జమ్మలమడుగులో బస్సు మారేటప్పుడు కండక్టరు రెండుసార్లు అడిగితే గానీ దిగలేదు.

పొద్దున రెండో బెంచీలో ఆ పిల్ల చోటు ఖాళీగా ఉంది. అటు పిల్లా ఇటు పిల్లా ఆ చోటును ముట్టుకోకుండా చెరో చివరికి జరిగి కూర్చున్నారు. హాజరు పూర్తి కాకముందే అటెండరు వచ్చాడు. తూర్పువీధి పెద్దాయన రమ్మన్నాడట, నన్నూ హెడ్మాస్టరునూ.

దారిలో హెడ్మాస్టరు నాకు పాఠం చెప్పాడు. ఆయన లెక్కల మాస్టరు; ఏ సమస్యకైనా ఒక జవాబు దొరుకుతుందని నమ్మకం. "ఆ పిల్ల ఊహించి చెప్పిందను. ఉదాహరణ అడిగితే కత అల్లిందను. అంతే. నాయన బయటపడతాడు."

"పిల్ల?"

"అబద్ధాలకోరని మాన్పిస్తారు. ఎవురో ఒకరు మునగల్ల నాయనా. నాయన మునిగితే ఇల్లంతా మునుగుతాది."

"ఆ పిల్ల చెప్పింది నిజం కదా సార్."

"అందుకే కదా ఇంత తిప్పలు."

పెద్దాయన వరండాలో బనీనుతో కూర్చొని టీవీ రిమోటును అరచేతిలో కొట్టుకుంటున్నాడు. టీవీలో సీరియల్. శబ్దం తగ్గడం లేదు. ఒక అత్త కోడలి మీద అరుస్తోంది. పెద్దాయన మాట్లాడాలంటే ఆమె ఊపిరి తీసుకునేదాకా ఆగాలి. మంచాల మీద ఏడెనిమిది మంది మగవాళ్ళు. స్తంభం దగ్గర పిల్ల నాయన నిలబడి ఉన్నాడు, సన్నటి మనిషి, అంగీ గుండీలు మెడదాకా పెట్టుకొని. ఆయన కాళ్ళ దగ్గర మెట్టు మీద ఆ పిల్ల. బడి యూనిఫాంలో ఉంది, జడలకు రిబ్బన్లు కూడా కట్టుకుంది. పొద్దున బడికని తయారైనట్టుంది, ఇక్కడికి తెచ్చారు.

"కూర్చో అయ్యోరా. యాడిది నీది?" అన్నాడు పెద్దాయన.

"ప్రొద్దుటూరు సార్."

"బట్టలంగడి ఆయప్ప కొడుకు కదా. మా కోడలి పెండ్లి చీరలు మీ అంగట్లోటివే. రంగు ఇంగా పోలేదు." మెచ్చుకోలే. మా అంగడి ఎక్కడుందో తనకు తెలుసని చెప్పడం కూడా. రెండూ ఒకే గొంతుతో అన్నాడు. "పిల్లోళ్ళకు ఏం చెప్తాండావు?"

"సోషల్ సార్."

"మా కాలంలో సోషలంటే అశోకుడు చెట్లు నాటించినాడు. ఇప్పుడు ఎవురెవురు దోసెలు తిన్యారో చెప్తాండారా?"

మంచాలు నవ్వాయి. అత్త అరిచింది. నవ్వు ఆగింది.

మంచం కొసన కూర్చున్న మీసాలాయన ముందుకు వంగాడు. "అవన్నీ యాలన్నా. సార్, నిన్న ఆ పిల్ల చెప్పింది నిజమా, అబద్ధమా? ఒక్క మాట చెప్పు, చాలు."

హెడ్మాస్టరు దగ్గాడు. దారిలో నేర్పిన వాక్యాలన్నీ ఆ దగ్గులో ఉన్నాయి. నేను నోరు తెరిచాను. పిల్ల నావైపు చూడలేదు, మెట్టు మీద వేలితో ఏదో గీస్తోంది. నా నోట్లోంచి వచ్చింది ఇది:

"ఉదాహరణ అడిగింది నేను. ఆ పిల్ల సరైన సమాధానం చెప్పింది. పూర్తి మార్కులు వేశాను."

హెడ్మాస్టరు దగ్గు మధ్యలోనే నిలిచిపోయింది. అర మార్కు కోసం కిటికీ ఊచలు పట్టుకునే ఆ పిల్ల, అంత భయంలోనూ, చప్పున తలెత్తింది.

"సరైనదంటే నిజమనే కదా?" అన్నాడు మీసాలాయన.

ఇద్దరినీ కాపాడే మాట ఏదో ఉంటుందని మనిషి ఎంత వెతుకుతాడో నాకు అప్పుడు తెలిసింది. "సరైనది వేరు, నిజం వేరు. శాస్త్రంలో ఉదాహరణ అంటే..." అని మొదలుపెట్టాను. గొంతు గాడిదకు జలుబు చేసినట్టు పలికింది. ఎవరూ నవ్వలేదు. దాంతో మరీ భయం వేసింది.

పెద్దాయన చెయ్యి ఎత్తాడు. నావైపు కాదు, పిల్ల నాయనవైపు తిరిగాడు. గొంతు మెత్తగా ఉంది. "ఆడపిల్లకు ఇంత నోరు యాలప్పా? ఏదో నోటికొచ్చింది వాగింది. ఇంగ చదివింది చాలు, ఇంట్లో పెట్టుకో. ఈ మాట ఈడితో పాయ."

ఆయన ఆ మనిషికి ఒక తలుపు తీసి పెట్టాడని అందరికీ అర్థమైంది. పిల్ల అబద్ధమాడిందని ఒప్పుకుంటే చాలు, నాయన శుభ్రంగా ఆ తలుపులోంచి ఇంటికి పోవచ్చు. నోరు తెరవాల్సిన పని కూడా లేదు, గడ్డం కాస్త కిందికి దించితే చాలు. నేను ఆ గడ్డాన్నే చూస్తున్నాను. పిల్ల గీయడం ఆపేసింది.

"అబద్ధం కాదన్నా," అన్నాడు నాయన. "తిన్యాను."

టీవీలో ప్రకటనలు మొదలయ్యాయి. ఏదో సబ్బు.

"వాడు నా బామ్మర్ది. వాళ్ళ నాయన ల్యాకపోతే పెండ్లిలో నా కాళ్ళు కడిగింది వాడే. ఊర్లో మొగం తిప్పుకున్యా, మీకిచ్చిన మాట కోసరం. పొలిమేర దాటినాంక కూడా తిప్పుకోల్లంటే నాకు మెడ తిరగల్యా."

మీసాలాయన లేచాడు. "నలుగురి ముందర మాటిచ్చి..."

"కూర్చో అన్నా." అంత సన్నటి మనిషికి అంత గొంతు ఎక్కడిదో. "పులివెందుల మండీలో చీనీకాయలకు లారీ మీలో ఎవురెవురు పడమటోళ్ళతో కలిసి మాట్లాడుకుంటారో నేను చెప్పల్లనా? చెప్పను. నా బిడ్డ చిన్నది, తెలీక చెప్పింది. నాకు తెలుసు, నేను చెప్పను."

మంచాల మీద ఒకాయన దూలం చూడసాగాడు. ఒకాయన మోగని ఫోను తీసి చెవికి పెట్టుకొని "ఆఁ, చెప్పప్పా" అన్నాడు. మీసాలాయనకు ఉన్నట్టుండి చెప్పులు గుర్తుకొచ్చాయి, మంచం కింద వెతుక్కున్నాడు. రెండేళ్ళు యూనివర్సిటీలో చదివి నేను తెలుసుకోలేనిది ఆ వరండాలో కండ్లకు కట్టినట్టు కనబడింది: దోసె తినడం ఎవరికీ తప్పు కాదు. తిన్నామని చెప్పడమే తప్పు.

పెద్దాయన రిమోటును పక్కన పెట్టాడు. సబ్బు పోయి మళ్ళీ అత్త వచ్చింది. ఆమె ఊపిరి తీసుకునేదాకా ఆగి, "పిల్ల బడికి పోనీ. నీ బిడ్డ, నీ ఇష్టం," అన్నాడు. "నువ్వు మాత్రం ఇంగ ఈడికి రావద్దు. నీ ఇంట్లో మంచికీ చెడ్డకీ మేము రాము."

"సరేన్నా."

అంతే. నేను ఊహించుకున్న దాంట్లో కనీసం ఒక కుర్చీ అయినా ఎగురుతుంది. అక్కడ ఒక్క గ్లాసు కూడా పగలలేదు. ఒక మనిషి తన ఊరినంతా రెండు మాటల్లో పోగొట్టుకొని, వంగి బిడ్డ తల మీద చెయ్యి పెట్టాడు. "పోమ్మా. అయ్యోర్లతో పో. రెండో గంటకు అందుకుంటావు."

మేము గేటు దాటబోతుంటే పెద్దాయన వెనకనుంచి అన్నాడు: "అయ్యోరా, ఉదాహరణలు యాడన్నా దూరం నుంచి తెచ్చుకో."

బడిదాకా హెడ్మాస్టరు తల విదిలిస్తూ నడిచాడు, లెక్కకు శేషం మిగిలినట్టు. బడి గేటు దగ్గర ఆ పిల్ల నా పక్కకు వచ్చింది. కండ్లు తుడుచుకున్న చెయ్యి ఇంకా తడిగానే ఉంది.

"సార్, ఆ పూర్తి మార్కులు యాడ కలుపుతారు? ఇంటర్నల్స్‌లోనా?"

తర్వాత ఆ పిల్ల ఒక్కరోజు కూడా బడి మానలేదు. చెయ్యి మాత్రం ఎత్తలేదు. అడిగితే లేచేది, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పి కూర్చునేది. అర మార్కుల కోసం రావడం మానేసింది. నేను కావాలని ఒకసారి మార్కు తగ్గించి చూశాను. అయినా రాలేదు.

ఊళ్ళో సంగతులు నాకు ముక్కలుగా తెలిసేవి. తూర్పువీధిలో పెండ్లయితే ఆ పిల్ల ఇల్లొక్కటి దాటేసి పత్రికలు పంచారు. పిల్ల నాయన చీనీ తోటకు (కోస్తావాళ్ళు బత్తాయి అంటారు) కూలికి రావడానికి ఎవరికీ తీరిక దొరకలేదు. మిద్దె కింద ఆయన పోడు, రేకుల షెడ్డు ఆయన్ను రానివ్వదు. అటు మామను పడమటోళ్ళు ఏమన్నారో, అనలేదో ఎవరూ చెప్పలేదు. ఊళ్ళో ఇద్దరూ ఎదురుపడినప్పుడు మెడలు పాత అలవాటు ప్రకారమే తిరుగుతున్నాయని మాత్రం హిందీ మేడం చూసి చెప్పింది. అది విని నేను నిజంగా బాధపడ్డాను. అంత నష్టపోయాక కనీసం మెడనొప్పి అయినా తగ్గాలి కదా.

చలి మొదలైన రోజుల్లో సామాజిక నియంత్రణ గురించి చెప్పాల్సి వచ్చింది. పోలీసూ కోర్టూ లేకుండానే సమాజం మనిషిని ఎట్లా దారికి తెస్తుంది అన్నది సంగతి. బుద్ధిగా దూరదేశాల ఉదాహరణలు వెతికి పెట్టుకొని పోయాను. జపాన్ పల్లెల్లో వెనకటికి తప్పు చేసినవాడితో ఊరంతా సంబంధం తెంచుకునేదని చెప్పి, "ఇంకేం చేసేవాళ్ళో ఊహించి చెప్పండి" అన్నాను.

రెండో బెంచీలో చెయ్యి లేచింది.

నేను తలుపువైపు చూశాను. వరండాలో ఎవరూ లేరు. "చెప్పు మే."

"జపాన్‌లో ఆయప్పను పెండ్లిండ్లకు పిలవరు సార్."

"సరే."

"ఆయప్ప పొలంలోకి కూలోళ్ళు రారు. నీళ్ళు కట్టాలన్నా ఒక్కడే కట్టుకోవల్ల. జపాన్‌లో కరెంటు యాళాపాళా లేకుండా వస్తాది సార్."

ఒక్కరూ నవ్వలేదు. తూర్పువీధి పిల్లలు బల్లలు చూస్తున్నారు. పడమటి వీధి నుంచి వచ్చే ఒక పిల్ల, వెనక బెంచీలోంచి, మెల్లగా అడిగింది: "జపాన్‌లో వాళ్ళ బామ్మర్ది ఏం చేసినాడు మే?"

"వచ్చినాడు." రెండో బెంచీ పిల్ల వెనక్కి తిరిగి ఆమెకే చెప్పింది. "పార తీసుకోని తోటలేకి వచ్చినాడు. అందరూ చూస్తాండంగ, పగలే. ఇద్దరూ నీళ్ళు కట్టినారు. మాట్లాడుకోలేదు, ఉత్త నీళ్ళు కట్టినారు. మళ్ళ గట్టు మింద కూర్చోని మా అమ్మ తెచ్చిన సంగటి తిన్యారు."

జపాన్‌లో సంగటి ఉండదని ఎవరూ అనలేదు.

"వాళ్ళ ఊరి పెద్దాయన ఏమనలేదా?" అన్నాను నేను.

ఆ పిల్ల నావైపు తిరిగింది. చేత్తో నోరు మూసుకోలేదు.

"ఇంగా తెలీదు సార్. నిన్ననే కదా బామ్మర్ది వచ్చినాడు."